కాన్వెంట్లో ఒక రాత్రి: అల్హంబ్రా కోట లోపలి పాత మఠం హోటల్లో బస ఎలా ప్లాన్ చేసుకోవాలి

"కాన్వెంట్లో పడుకోవడమేంటే, పిల్లల బెంచీల మీదా?" హోటల్ బుక్ చేశానని ఫోన్ చేసి చెప్తే అమ్మ అన్న మొదటి మాట ఇది. ఆవిడ తప్పేం లేదు, మన ఊళ్లలో కాన్వెంట్ అంటే టై, బెల్టు, నల్ల బూట్లు, నెల నెలా ఫీజు. అసలు అర్థంలో అది సన్యాసినులు ఉండే మఠం, స్పెయిన్‌లో అయితే మగ సన్యాసుల మఠాన్ని కూడా ‘కొన్‌వెంతో’ అనే పిలుస్తారు. ఆ దేశంలో అలాంటి పాత మఠాలు చాలా వాటిని హోటళ్లుగా మార్చేశారు. అమ్మా నేనూ ఒక రాత్రి ఉన్నది గ్రనాదా ఊళ్లో, అల్హంబ్రా కోట గోడల లోపలే ఉన్న సాన్ ఫ్రాన్సిస్కో మఠంలో. ఇప్పుడు దాని పేరు పరదోర్ దె గ్రనాదా. మొత్తం 40 గదులు. రేటు చూస్తే గుండె గుభేల్‌మంటుంది, మామూలుగా రాత్రికి 250 యూరోల పైమాటే, మంచి సీజన్లో ఇంకా ఎక్కువ.

అంత పెట్టి వెళ్లి గదిలో ఏసీ వేసుకుని పడుకుంటే శుద్ధ దండగ. ఎందుకంటే గది బాగానే ఉంటుంది గానీ, ఆ డబ్బుకి ఊళ్లో ఇంకా పెద్ద గది దొరుకుతుంది. ఇక్కడ మీకు దొరికేది సాయంత్రం టూరిస్టు గుంపులు దిగిపోయిన దగ్గర్నుంచి మర్నాడు పొద్దున వాళ్లు మళ్లీ ఎక్కి వచ్చేదాకా ఉండే టైము. గోల్కొండలో సాయంత్రం విజిల్ వేసి అందర్నీ బయటికి పంపేశాక మిమ్మల్ని మాత్రం "మీరు ఉండండి" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అది. కాబట్టి ప్లాన్ అంతా ఆ గంటల చుట్టూ వేసుకోవాలి. ఎలాగో వరసగా చెప్తాను.

మొదట, ఆ కట్టడం కథ కాస్త తెలుసుకోండి

ఇది తెలియకుండా వెళ్తే అక్కడ చూడాల్సింది కాళ్ల కింద ఉన్నా కనిపించదు. గ్రనాదా ఆఖరి ముస్లిం రాజు బోఅబ్దిల్ 1492 జనవరి 2న కోట అప్పగించాడు. తీసుకున్నది ఇసబెల్లా రాణి, ఫెర్నాండో రాజు దంపతులు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కోటలో అప్పటికే ఉన్న నస్రిద్ రాజుల (బోఅబ్దిల్ వంశం వాళ్లు) మహల్ ఒకటి ఫ్రాన్సిస్కన్ సన్యాసులకు మఠంగా మారింది. అందుకే ఇది మఠమే అయినా ఎముకలు మాత్రం మహల్‌వి. ఇసబెల్లా 1504లో చనిపోతూ తనని ఈ మఠంలోనే, పైన శిల్పాలూ గిల్పాలూ ఏమీ లేకుండా నేల మట్టానికి ఒక రాతి పలక మాత్రం వేసి పూడ్చమని వీలునామా రాసింది. 1516లో పోయిన ఫెర్నాండో కూడా ఇక్కడికే వచ్చాడు. 1521లో ఇద్దర్నీ కింద ఊళ్లో కట్టిన రాయల్ చాపెల్‌కి తరలించారు. అంటే కొలంబస్‌ని సముద్రం మీదికి పంపిన మనిషి పదిహేడేళ్లు పడుకున్న చోటు ఇప్పుడు ఒక హోటల్ ముంగిలి.

తర్వాత కథ పాత కట్టడాలన్నిటి కథే. నెపోలియన్ సైన్యం వాడుకుంది, 1830లలో ప్రభుత్వం మఠాల ఆస్తులు లాక్కున్నప్పుడు సన్యాసులు వెళ్లిపోయారు, ఆ పైన చాలాకాలం పాడుబడి ఉంది. 1920ల చివర్లో అల్హంబ్రా బాధ్యతలు చూసిన ఆర్కిటెక్ట్ లెయోపోల్దో తోర్రెస్ బల్బాస్ దాన్ని బాగుచేయించాడు. 1945లో పరదోర్ అయింది. పరదోర్లంటే స్పెయిన్ ప్రభుత్వం సొంతంగా నడిపే హోటళ్లు, మన హరిత హోటళ్ల లాగా అన్నమాట, కాకపోతే కోటల్లో, మఠాల్లో, పాత మహళ్లలో కూడా ఉంటాయి. మొదటిది 1928లో గ్రేదోస్ కొండల్లో తెరిచారు.

రెండు: గది కంటే ముందు టికెట్ చూడండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. హోటల్ కోట లోపల ఉంది కదా, అల్హంబ్రా అంతా మనదే అనుకుంటారు. కాదు. హోటల్లో ఉన్నా సరే, నస్రిద్ మహళ్లకీ హెనెరలీఫే తోటలకీ టికెట్ విడిగా కొనాలి, అది కూడా అప్పటికప్పుడు దొరకదు, సీజన్లో చాలా ముందే అయిపోతుంది. నస్రిద్ మహళ్ల టికెట్ మీద ఒక టైము వేసి ఉంటుంది. ఆ టైముకి గుమ్మం దగ్గర ఉండాలి, లేటయితే టికెట్ పోయినట్టే.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. అల్హంబ్రా అధికారిక సైట్లో ఏ తేదీలకు టికెట్లు ఉన్నాయో చూడండి, అదే సమయంలో ఇంకో ట్యాబ్‌లో పరదోర్ సైట్ తెరిచి అదే తేదీలకు గది ఉందా చూడండి, రెండూ కలిసిన రోజు పట్టుకోండి. గది క్యాన్సిల్ చేసుకునే రేటుతో ముందు పట్టుకుని, టికెట్ కొని, అప్పుడు ఊపిరి పీల్చుకోవచ్చు.

ఏ టికెట్ కొనాలన్నది ఇంకో ప్రశ్న. నా సలహా, మొహమాటం లేకుండా చెప్తున్నా, రెండు కొనండి. ఒకటి రాత్రి విజిట్. ఏప్రిల్ నుంచి అక్టోబర్ 14 దాకా మంగళవారం నుంచి శనివారం వరకు రాత్రి 10 నుంచి 11:30 దాకా నస్రిద్ మహళ్లు తెరుస్తారు, చలికాలంలో శుక్ర, శనివారాలు మాత్రమే, 8 నుంచి 9:30 దాకా. మిగతావాళ్లు పదకొండున్నరకి బయటికొచ్చి కొండ దిగడానికి టాక్సీ కోసం చూస్తుంటే మీరు అయిదు నిమిషాలు నడిచి మంచం ఎక్కుతారు. రెండోది మర్నాడు పొద్దున 8:30 స్లాట్. అది మొదటి స్లాట్. కింద ఊళ్లో ఉన్నవాళ్లు ఆ స్లాట్ కోసం ఏడింటికే పరుగులు పెట్టాలి. మీకు చెప్పులు వేసుకుని వెళ్లేంత దూరం. బడ్జెట్ ఒక్క టికెట్‌కే సరిపోతే పొద్దున టికెట్ తీసుకోండి, రాత్రి టికెట్‌లో తోటలు రావు, పైగా గోడల మీది పెంకుల రంగులు పగలే తెలుస్తాయి. డిసెంబర్ 25న, జనవరి 1న అల్హంబ్రా మూసేస్తారు, న్యూ ఇయర్ ప్లాన్లు వేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

మూడు: గది

ఒక్క రాత్రి చాలు. నిజంగా. గ్రనాదాలో మూడు రోజులు ఉంటే రెండు రాత్రులు కింద ఊళ్లో మామూలు హోటల్లో ఉండి, ఒక్క రాత్రి పైకి మారండి, డబ్బూ మిగులుతుంది, పైన గడిపే రాత్రికి విలువా పెరుగుతుంది. పరదోర్ సభ్యత్వ కార్డు ఉచితం, బుక్ చేసేముందు తీసుకోండి. 55 దాటినవాళ్లకి, కుర్రకారుకి విడిగా డిస్కౌంట్లు ఉంటాయి గానీ ఇంత డిమాండ్ ఉన్న హోటల్లో అన్ని తేదీలకూ దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. అమ్మ పేరుతో ఉన్న డిస్కౌంట్ చూసి నేను ఎగిరి గంతేశాను, మా తేదీకి అది లేదు.

హెనెరలీఫే తోటల వైపు కిటికీ ఉన్న గదికి ఎక్కువ తీసుకుంటారు. తీసుకోవాలా వద్దా? చీకటి పడేదాకా గదిలోకి రాని మనిషైతే అనవసరం. కాళ్లు నొప్పులనో, పెద్దవాళ్లు తోడున్నారనో గదిలో కూర్చునే టైము ఉంటే మాత్రం ఆ కిటికీ పనికొస్తుంది. ఇలాంటి పాత మఠాలు ఎక్కడైనా సరే ఒక గది ఇంకో గదిలా ఉండదు, ఒకదానికి కిటికీ పెద్దది, ఇంకోదానికి మెట్లు ఎక్కువ. అందుకని బుక్ చేశాక ఒక మెయిల్ పెట్టండి: మాతో పెద్దావిడ ఉంది, మెట్లు తక్కువ ఉన్న గది, రెండు విడి మంచాలు కావాలి అని. ‘డబుల్’ అని మాత్రమే రాస్తే ఒకటే పెద్ద మంచం రావచ్చు.

నాలుగు: వీసా, పాస్‌పోర్టు, మన ఇంటిపేర్ల గొడవ

ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు దాకా అప్లై చేయొచ్చు, కానీ ఎండాకాలం సెలవులకి అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, ఆ పైన అప్లికేషన్ సెంటర్ చార్జీలు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. క్యాన్సిల్ చేసుకునే హోటల్ బుకింగ్ అన్నది ఇక్కడ కూడా పనికొస్తుంది, వీసా రాకపోతే డబ్బు పోదు.

ఇప్పుడు అసలు సంగతి. అల్హంబ్రా టికెట్ మీద ప్రతి మనిషి పేరూ, పాస్‌పోర్టు నంబరూ ఉంటాయి, లోపలికి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు చూపించాలి. ఫామ్‌లో పేరు ఒక గడిలో, ఇంటిపేరు ఇంకో గడిలో. మనవాళ్లలో సగం మంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీ, ఉన్నదంతా ఒకే వరసలో, లేదంటే ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే కొట్టండి, అందంగా సర్దకండి. నేను అమ్మ పేరు జాగ్రత్తగా కొట్టాను, ఆ జాగ్రత్తలో పడి పాస్‌పోర్టు నంబర్లో ఒక అంకె తప్పు కొట్టాను. అది కనిపించింది ఎప్పుడో తెలుసా, హోటల్లో దిగిన రాత్రి, పొద్దున 8:30 స్లాట్‌కి టికెట్లు మళ్లీ చూసుకుంటుంటే. ఆ టెన్షన్ మీకు వద్దు. కొన్న రోజే ఇంకొకళ్ల చేత నంబర్లు పైకి చదివించుకోండి.

హోటల్లో కూడా చెక్ఇన్ అప్పుడు అందరి పాస్‌పోర్టులూ అడుగుతారు, స్పెయిన్‌లో అది చట్టం, కంగారుపడకండి.

అయిదు: చేరుకోవడం

మాడ్రిడ్ నుంచి 2019 నుంచీ హైస్పీడ్ రైలు ఉంది, మూడున్నర గంటల లోపే. మాలగా ఎయిర్‌పోర్టులో దిగితే బస్సు. స్టేషన్ నుంచి టాక్సీ తీసుకుని నేరుగా హోటల్ పేరు చెప్పండి. C30 నంబరు సిటీ బస్సు కూడా కొండ మీదికి వెళ్తుంది, చవక, కానీ దిగాక సూట్‌కేసు లాక్కుంటూ రాళ్లు పరిచిన దారిలో నడవాలి. గోమేరెస్ ఏటవాలు వీధి గుండా నడిచి ఎక్కేవాళ్లూ ఉంటారు, చేతిలో నీళ్ల సీసా తప్ప ఇంకేం లేనప్పుడు ఆ దారి చాలా బాగుంటుంది. పెద్ద సామాను కింద హోటల్లో వదిలి, ఒక రాత్రికి సరిపడా చిన్న సంచీతో పైకి వస్తే అన్నిటికన్నా హాయి. సంచీలో ఏం ఉండాలి? రెండు గుండ్రటి పిన్నుల అడాప్టర్, జులై అయినా ఒక పల్చటి శాలువా, గట్టి అడుగున్న చెప్పులు. బాత్రూముల్లో మన లాంటి జెట్ పైపు ఉంటుందనుకోవద్దు, ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు పడేసుకోండి, నవ్వుకుంటే నవ్వుకోండి. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు.

గది చేతికి రాకపోయినా పొద్దున్నే వచ్చి సామాను రిసెప్షన్లో పెట్టేసి తిరగొచ్చు. ఎంత ముందు వస్తే అంత లాభం.

ఆరు: సాయంత్రం, దీనికే వచ్చాం

హోటల్ ముందున్న కాయే రియల్ వీధికీ, కార్లోస్ చక్రవర్తి మహల్ ముంగిలికీ టికెట్ అక్కర్లేదు. ఆ మహల్ బయటికి చతురస్రం, లోపలికి వెళ్తే గుండ్రటి ముంగిలి, సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు నడిమధ్యలో నిలబడి మాట్లాడి చూడండి, మీ గొంతు మీకే కొత్తగా వినిపిస్తుంది. ఎండాకాలం కోట ఎనిమిదింటికి మూస్తారు, చలికాలం ఆరింటికే. జూన్‌లో సూర్యుడు తొమ్మిదిన్నర దాటితే గానీ దిగడు. అంటే గుంపులు పోయాక కూడా గంటన్నర వెలుతురు మిగులుతుంది. అప్పుడు గదిలో ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటూ కూర్చోకండి దయచేసి.

హోటల్ లోపల మొదట చూడాల్సింది నడిమి ముంగిలి. మధ్యలో ఆకాశం, చుట్టూ వరండా, వరండాలోకి తెరుచుకునే గదులు. అమ్మ గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషం చూసి "ఇది మండువా లోగిలే కదే" అంది. అచ్చం అదే. వాన పడితే నీళ్లు మధ్యలో పడాలి, మనుషులు చుట్టూ తడవకుండా తిరగాలి. ఆ ఆలోచన అక్కడా ఇక్కడా ఒకటే. ఇంకాస్త లోపలికి వెళ్తే పాత చర్చి, దానికిప్పుడు కప్పు లేదు. ఆ చివర, పాత మహల్ నుంచి మిగిలిన ఒక చిన్న కమాను గది, దాని కప్పుకి సున్నంతో చెక్కిన తేనెపట్టు లాంటి అరలు, ఒకదాని కింద ఒకటి వేలాడుతూ. ఆ కప్పు కింద నేల మీద ఒక రాతి పలక. ఇసబెల్లాని మొదట పూడ్చింది అక్కడే. ముస్లిం రాజు చెక్కించిన కప్పు, క్రైస్తవ రాణి సమాధి, పక్కన హోటల్ వాళ్ల పూలకుండీలు. అంత పెద్ద రాణికి అంత చిన్న పలకా అనిపిస్తుంది, ఆవిడ అడిగిందే అది.

ఏడు: తిండి

రాత్రి భోజనం ఎనిమిదిన్నర ముందు దొరకడం కష్టం, అది ఈ హోటల్ అనే కాదు, దేశమంతా అంతే. ఏడింటికి తినే అలవాటున్న పెద్దవాళ్లు తోడుంటే సాయంత్రం ఏదైనా కడుపులో వేయించండి. రాత్రి విజిట్ పదింటికి ఉంటే ఎనిమిదిన్నరకి తొలి టేబుల్ అడగండి.

శాకాహారులకి ఒక హెచ్చరిక. అక్కడ చాలామంది లెక్కలో హామోన్, అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన పంది తొడ మాంసం, మాంసం కిందికి రాదు, అదొక తిరగమోత లాంటిది. సల్మొరేహో అనే చల్లటి టమాటా సూప్ చూడ్డానికి శాకాహారమే, పైన గుడ్డు ముక్కలూ హామోన్ ముక్కలూ చల్లుతారు. గ్రనాదా వాళ్ల పచ్చి బీన్స్ గింజల కూరలోనూ అదే. "సోయ్ వెహెతరియానా" (మగవాళ్లయితే వెహెతరియానో) అని ఊరుకోకుండా "సిన్ కార్నె, సిన్ హామోన్, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పండి: మాంసం వద్దు, హామోన్ వద్దు, చేప వద్దు. కళ్లు మూసుకుని చెప్పదగ్గది ‘బెరెన్‌హేనాస్ కొన్ మియెల్’. వంకాయ సన్నగా తరిగి పిండిలో వేయించి పైన చెరకు పాకం పోస్తారు. మనవాళ్లు వంకాయ బజ్జీ మీద బెల్లం పాకం పోస్తే కొట్టడానికి వస్తారు, తిని చూస్తే మాత్రం ఇంకో ప్లేటు అడుగుతారు.

ఇదంతా చదివి గది మీద అంత పెట్టలేం అనుకునేవాళ్లకి ఒక దొడ్డిదారి: హోటల్లో ఉండకపోయినా దాని టెర్రస్ మీద కూర్చుని కాఫీ తాగొచ్చు, ఎదురుగా హెనెరలీఫే తోటలు. సూర్యాస్తమయానికి గంట ముందు వెళ్లండి. రాత్రి దక్కదు గానీ సాయంత్రం దక్కుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు స్పెయిన్ దాకా రానక్కర్లేదు కూడా. పోర్టోరికోలో, పాత సాన్ హ్వాన్‌లో, కెథడ్రల్ ఎదురుగా 1651లో పెట్టిన కార్మెలైట్ సన్యాసినుల మఠం 1962 నుంచి హోటల్, పేరే ‘ఎల్ కొన్‌వెంతో’. అది అమెరికా భూభాగమే, డొమెస్టిక్ ఫ్లైట్.

ఎనిమిది: రాత్రి

పదకొండున్నరకి నస్రిద్ మహళ్ల నుంచి బయటికొచ్చాం. పన్నెండు రాతి సింహాలు వీపుల మీద తొట్టి మోస్తూ ఉండే ముంగిలిని దీపాల వెలుతురులో చూసిన కళ్లతోనే నడుచుకుంటూ వచ్చేశాం. అమ్మ పడుకుంది. నేను టికెట్ల నంబర్లు చూసుకున్నది అప్పుడే, నిద్ర ఎగిరిపోయింది. శాలువా కప్పుకుని ముంగిట్లోకి వచ్చి కూర్చున్నాను. రాత్రి అక్కడ వినబడేది నీళ్ల చప్పుడు. అల్హంబ్రాకి నీళ్లు పైనుంచి, దారో నది నుంచి తవ్విన కాలువలో వస్తాయి, ఆ ఏర్పాటు నస్రిద్ రాజుల కాలం నాటిది. పగలు వెయ్యి మంది మాటల్లో అది వినబడదు. కాబట్టి ఇది కూడా ఒక స్టెప్ అనుకోండి: అలారం పెట్టుకుని అయినా సరే, అర్ధరాత్రి దాటాక ఒక అరగంట బయట కూర్చోండి. మాట్లాడితే మెల్లగా, మిగతా గదుల్లో జనం ఉంటారు.

గది గురించి రెండు ముక్కలు. పాత గోడలు మందం, ఎండాకాలం చల్లగా ఉంటాయి, ఫోన్ సిగ్నల్ మాత్రం మొండికేస్తుంది. టికెట్ల క్యూఆర్ కోడ్లు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, వీలైతే కాగితం మీద ప్రింట్ కూడా.

తొమ్మిది: పొద్దున

8:30 స్లాట్ అంటే 8:10కి గుమ్మం దగ్గర. టిఫిన్ తర్వాత, ముందు మహల్. గుమ్మం దగ్గర నేను చెమటలు కక్కుతూ అమ్మ పాస్‌పోర్టు ఇచ్చాను, వాళ్లు పేరూ ఫొటో చూసి పంపేశారు. మా అదృష్టం అది, రూలు కాదు, మీరు దాని మీద ఆధారపడకండి. లోపలికి వెళ్లగానే అందరూ మొదటి గదిలో ఫొటోలకి ఆగుతారు. మీరు ఆగకుండా సింహాల ముంగిలి దాకా నడిచిపోయి, జనం వచ్చేలోపు ఆ 124 స్తంభాల మధ్య పది నిమిషాలు గడిపి, తర్వాత వెనక్కి వస్తూ తీరిగ్గా చూడొచ్చనే నేనూ అనుకున్నాను. కానీ దారి ఒకవైపే, వెనక్కి రానివ్వరు. కాబట్టి తొందర వద్దు, గోడల మీది రాతలు చూస్తూ వెళ్లండి. మళ్లీ మళ్లీ కనిపించే అరబిక్ వాక్యం ఒకటుంది, దేవుడు తప్ప విజేత లేడని.

పది: కొండ దిగాక

ముందు రాయల్ చాపెల్‌కి వెళ్లండి. నిన్న ఖాళీ సమాధి చూశారు కదా, రాజూ రాణీ ఇప్పుడు ఉన్నది ఇక్కడ. పైన పాలరాతి శిల్పాలు, కింద నేలమాళిగలో ఏ అలంకారమూ లేని సీసపు పెట్టెలు.

తర్వాత, ఇంకా సన్యాసినులు ఉంటున్న అసలు మఠం ఒకటి చూడాలనుంటే దారో నది పక్క వీధుల్లో ఉన్నాయి. లోపలికి రానివ్వరు, వాళ్లు బయటి మనుషులకి కనిపించరు. కానీ మిఠాయిలు అమ్ముతారు. గోడలో ఒక గుండ్రటి చెక్క పీపా ఉంటుంది, దాన్ని తోర్నో అంటారు, తిప్పితే తిరుగుతుంది. గంట కొట్టి "అవే మరియా పూరిసిమా" అనాలి. లోపల్నుంచి "సిన్ పెకాదో కొన్‌సెబిదా" అని గొంతు వస్తుంది. కావల్సింది చెప్పి డబ్బు పీపాలో పెడితే అది తిరిగి అటు వెళ్తుంది, మళ్లీ తిరిగితే డబ్బా ఇటు వస్తుంది, చిల్లరతో సహా. శాకాహారులు కొనేముందు "సిన్ మాన్‌తెకా?" అని అడగండి, పొడిపొడిగా రాలే ఆ బిస్కెట్లు చాలా వాటిలో పంది కొవ్వు వేస్తారు. మేం అడిగాం. లోపలామె ఒక్క క్షణం ఆగి, పెట్టిన డబ్బా వెనక్కి తిప్పేసుకుని, బాదం పప్పుతో చేసినవి ఇంకో డబ్బా పంపింది. అమ్మ తెలుగులోనే "చల్లగా ఉండమ్మా" అంది పీపా వైపు చూసి. లోపల్నుంచి ఏదో జవాబు వచ్చింది, ఇద్దరికీ అర్థం కాలేదు.